సందువైపు కొత్త కిటికీ

ఆ ఏడు ఆశ్వయుజంలో వచ్చిన తుఫాను మా ఇంటి కిటికీలను ఒక్కొక్కటిగా కొట్టి పడేసింది. తెల్లవారుతూ మొదలై మధ్యాహ్నం దాకా వదల్లేదు. నౌపడ ఉప్పు మళ్ళ మీద నుంచి వచ్చే గాలి మాకు కొత్త కాదు. కానీ ఆ రోజు గాలి పగబట్టి వచ్చింది. వంటింటి కిటికీ రెక్కను నేనూ మా ఆయనా భుజాలు ఆనించి పట్టుకున్నాం. బందులు ఎప్పట్నుంచో ఉప్పుగాలికి తుప్పుపట్టి ఉన్నాయేమో, పటుక్కున ఊడాయి. రెక్క లేచి మా ఆయన్ని గోడకేసి కొట్టింది. భుజం మీద చర్మం ఒలిచినట్టు లేచిపోయి లోపల తెల్లగా ఎముక కనపడింది. మా అత్త మంచం కింద దూరి దేవుళ్ళందర్నీ వరసపెట్టి తిడుతోంది. నేను కొంగు చింపి ఆయన భుజానికి కట్టి, బీరువాను ఒక్కదాన్నే తోసి కిటికీకి అడ్డం పెట్టాను. ఎలా తోశానో ఇప్పటికీ నాకు తెలీదు.

గాలి తగ్గాక బయటికొస్తే పక్కింటి పిల్ల వాళ్ళ గుమ్మంలో కూర్చుని ఉంది. కింది పెదవి చిట్లి, గడ్డం మీద రక్తం ఎండిపోయి ఉంది. ఒళ్ళో రెండేళ్ళ కూతురు బిక్కచచ్చి కూర్చుంది.

"ఓలమ్మో! రెక్క తగిలీసిందేటే?" అన్నాను.

"నేదప్పా. తుఫాను కిటికీని కొట్టినాది. ఈయన నన్ను కొట్టినాడు. గెడ ముందే ఎందుకెయ్యనేదని," అంది.

మావైపు అక్కని అప్ప అంటారు. ఆ పిల్లకి నేను అప్పని. ఎచ్చెర్ల దగ్గర పల్లెలో చోళ్ళూ జొన్నలూ పండించుకునే ఇంటి నుంచి వచ్చింది. మొగుడికి మా సెంటర్లో కిరాణా కొట్టు. కొట్లో కూర్చుంటే వాడంత మర్యాదస్తుడు జిల్లాలో ఉండడు. పసిపిల్ల వచ్చినా 'ఏటి కావాలమ్మా' అని లేచి నిలబడి అడుగుతాడు. ఇంటికొచ్చి చెప్పులు విప్పేసరికి ఆ మర్యాద కూడా విప్పేసేవాడు. వరసకి నాకు మరిది. వదినా అంటూ నవ్వుతూ పలకరించేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

మా రెండిళ్ళకీ మధ్య ఒక సందు. మనిషి పక్కకి తిరిగి నడవాలి, అంత ఇరుకు. మా వంటింటి కిటికీకి సూటిగా వాళ్ళ నడిమింటి కిటికీ. వాళ్ళకి అవతలి పక్క ఖాళీ జాగా, ఎదురుగా రోడ్డు, రోడ్డుకి అటు మూతపడిన బియ్యం మిల్లు. అంటే ఆ ఇంట్లో ఏం జరిగినా వినపడేది మాకే. వాళ్ళ కుక్కరు ఎన్ని కూతలు కూసిందో నేను చెప్పగలను. ఆ పిల్ల మీద దెబ్బ పడితే అది చేతిదో, బెల్టుదో కూడా చెప్పగలను.

మా వీధిలో ఆడవాళ్ళకి ఒక పద్ధతుంది. ఎవరింట్లోనైనా మగాడు కొట్టడం మొదలెడితే, ముందు విన్నది ఎవరో వాళ్ళు వెంటనే లేచి ఆ ఇంటికెళ్ళి ఏదో ఒక వస్తువు అడగాలి. చేట గానీ, గరిటె గానీ, పిడికెడు చింతపండు గానీ. తలుపు కొట్టకూడదు, తోసుకుని పోవాలి. దెబ్బల మాట ఎత్తకూడదు. దెబ్బలు తింటున్న మనిషి చేత్తోనే ఆ వస్తువు తీసుకోవాలి. తీసుకున్నాక కూడా కదలకుండా అక్కడే నిలబడి చేపల ధరా, వానల సంగతీ మాట్లాడుతూ ఉండాలి, వాడు చొక్కా తగిలించుకుని బయటికి పోయేదాకా. అడగడానికి వచ్చిన ఆడదాన్ని ఉత్తచేతులతో పంపితే ఇంటికి అరిష్టమని మా దగ్గర మగాళ్ళకి గట్టి భయం. నేను కాపురానికొచ్చిన ఏడే మా అత్త నాకిది నేర్పింది.

"నోరు మూసుకోని సేట అడుగు. నీ కోపం నీకాడే ఉంచుకో. నువ్వు తిరిగొచ్చీసినాక దాన్ని ఆడేటి సేస్తాడో అది మరిసిపోకు," అని మరీ మరీ చెప్పింది. నా సంగతి ఆవిడకి తెలుసు మరి. నాకు చేట అడిగే ఓపిక లేదు, ఆ చేట తిరగేసి వాడి మూతి మీద కొట్టాలనిపించేది. అయినా నోరు నొక్కుకుని వెళ్ళేదాన్ని. నాలుగేళ్ళలో ఆ ఇంటి నుంచి ఎన్ని చేటలు తెచ్చానో, ఎన్ని తిరిగిచ్చానో లెక్కలేదు. ఒకసారి వెళ్ళేసరికి వాడు ఆ పిల్ల జుట్టు చేతికి చుట్టుకుని గోడకేసి కొడుతున్నాడు. నన్ను చూసి జుట్టు వదిలి, "వదినకేటి కావాలో సూడు," అన్నాడు. ఆ పిల్ల లేచి, నోట్లో ఊరిన రక్తం మింగి నాకు గరిటె ఇచ్చింది. నేను అరగంట నిలబడి కవ్వళ్ళ చేపల గురించి మాట్లాడాను. అరగంటకి వాడు మోటారు సైకిలు తీసుకుని పోయాడు. ఆ పిల్ల నా భుజం మీద పడి ఏడ్చింది. "నువ్వు నేకపోతే నన్నీపాటికి సంపీసుండును అప్పా," అంది. నేను నమ్మాను. నేనున్నంత కాలం వాడు చంపలేడని కూడా నమ్మాను.

తుఫాను పోయింది, చలి వచ్చింది. ఊడిపోయిన కిటికీలకి ఎరువు బస్తాలు కొట్టి నెల నెట్టుకొచ్చాం. మార్గశిరం వచ్చేసరికి ఉప్పు మళ్ళ మీద మంచు, దాని వెంట సూదుల్లాంటి గాలి. మా అత్తకి ఉబ్బసం. రాత్రంతా కూర్చుని ఎగశ్వాస తీస్తుంటే ఆ పిల్లికూతలు వినలేక నాకు పిచ్చెక్కేది. మా ఆయన మాత్రం "కోతలయ్యాక సూద్దాం" అని కూర్చున్నాడు. ఒకరోజు కంచం ఎత్తి గోడకేసి కొట్టాను. అన్నం అంతా వాన కురిసినట్టు పడింది.

"కోతలయ్యేసరికి మీ అమ్మని పాడె ఎక్కిస్తావేటి? ఆ ముసల్ది సలికి సచ్చిపోతన్నాది, కనపడట్నేదా నీకు?" అన్నాను.

ఆయన లేచి చెయ్యెత్తాడు. నేనూ చెయ్యెత్తాను. మా అత్త మధ్యలోకొచ్చి ఆయన్నే ఒక్కటి పీకింది. మర్నాడు ఆయన శ్రీకాకుళం వెళ్ళి, తెల్ల ప్లాస్టిక్ చట్రంలో మందపాటి గాజుతో పక్కకి జరిపే కిటికీలకి కొలతలు తీసుకోమని ఇద్దరు మేస్త్రీల్ని వెంటబెట్టుకొచ్చాడు.

పాత చట్రాలు పీకడం చూడాల్సిన పని. గోడలోకి దిగిన మద్దిచెక్క. గునపాలతో పొడిచారు, సుత్తులతో బాదారు. చెక్క వదల్లేదు, గోడ వదిలింది. నడిమింట్లో నిలువెత్తు పెచ్చు విరిగి పడింది. మా అత్త దగ్గుతూనే మేస్త్రీల్ని ఏడు తరాలు తిట్టింది. కొత్త చట్రం కూర్చోబెట్టి, చుట్టూ సందుల్లో తెల్లటి జిగురు పట్టించి, అంచులకి రబ్బరు తొడిగారు. రెండో రోజు సాయంత్రానికి ఇంట్లో గాలి లేదు. దీపం వత్తి కదల్లేదు. మా అత్త ఆ రాత్రి పడుకుని నిద్రపోయింది. అది చూసి నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

మేస్త్రీ మహా గొప్పలకి పోయే మనిషి. ఒకణ్ణి సందు మొగలో బండి మీద కూర్చోబెట్టి హారన్ కొట్టమని, కిటికీ జరిపి మూశాడు. హారన్ మాయమైపోయింది. మళ్ళీ తీశాడు, చెవులు పగిలాయి. మూశాడు, ఏమీ లేదు. నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. వీధిలో ఆడవాళ్ళని పిలిచి మరీ చూపించాను. నాకు గొప్ప చూపించుకునే జబ్బు కూడా ఉంది, ఎందుకు దాచాలి? కొట్టు కట్టేసి పక్కింటి మరిది కూడా చూడ్డానికొచ్చాడు. కిటికీని రెండుసార్లు జరిపాడు, గాజు మీద వేలితో కొట్టాడు, గెడ కిందున్న చిన్న తాళం తిప్పి చూశాడు.

"బాగున్నాయి వదినా. బయట సౌండు లోపలికి రాదు సరే, లోపల సౌండు బయటికి ఎల్తాదా?" అని అడిగాడు.

"ఎల్లదు మరిదీ. లోపల ఎంత అరిసినా సీమ చిటుక్కుమన్నట్టు కూడా ఇనపడదు," అన్నాను.

నేనే అన్నాను. మేస్త్రీ అనలేదు, మా ఆయన అనలేదు. నా వంటింట్లో నిలబడి, నా నోటితో, నవ్వుతూ నేనే అన్నాను. వాడు తలాడించి, మా అత్తని ఒంట్లో ఎలా ఉందని అడిగి వెళ్ళిపోయాడు.

పది రోజుల్లో వాళ్ళింటికీ అవే కిటికీలొచ్చాయి, అదే మేస్త్రీ చేత. కూతురికి చలి పడడం లేదని అందరికీ చెప్పాడు. లోపల మందంగా పరదాలు కూడా కట్టించాడు. వీడికి పెళ్ళాంబిడ్డల మీద ఇన్నాళ్ళకి ప్రేమ పుట్టిందని నేను సంబరపడ్డాను. ఎంత గొడ్డుబుర్రో నాది! ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ తర్వాత ఆ ఇంట్లో గొడవ సద్దుమణిగింది. పుష్యమంతా ఆ ఇంటి నుంచి ఒక్క కేక లేదు. నేను వెళ్ళి ఏదీ అడగలేదు, అడిగే అవసరం కనపడలేదు. కుళాయి దగ్గర ఆడవాళ్ళం అదే మాట్లాడుకున్నాం. "ఆడికి బుద్ధొచ్చినాదే," అని ఒకావిడ అంటే, "మా మరిది మారిపోనాడు," అని నేను వంత పాడాను. చలికి మా కిటికీ మూసే ఉండేది. వాళ్ళది ఎప్పుడూ మూసే ఉండేది, పరదాతో సహా.

ఆ పిల్ల బయటికి రావడం తగ్గిపోయింది. వచ్చినప్పుడు మణికట్టు దాకా చేతుల జాకెట్టు, తల మీదుగా శాలువా. చలి కదా అనుకున్నాను. నన్ను చూస్తే మొహం తిప్పుకునేది. మొదటిసారి పట్టించుకోలేదు. రెండోసారి, మూడోసారి కూడా అదే వరస. నాలుగోసారి కుళాయి దగ్గర పదిమందిలో పట్టుకున్నాను.

"ఏటే, మాట్నేదు మంతీ నేదు? ఇంటికి అద్దాలొచ్చీసరికి మనుసులు కనపడట్నేదా?" అన్నాను.

ఆ పిల్ల బిందె దించింది. నా కళ్ళలోకి సూటిగా చూసింది. నా కాళ్ళ ముందు తుపుక్కున ఉమ్మేసింది. బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. పదిమందీ చూశారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నాలుగేళ్ళు దాని ప్రాణానికి అడ్డం నిలబడితే, నాకా ఇది? ఇంటికొచ్చి రోకలి పుచ్చుకుని మినప్పప్పు పిండయ్యేదాకా దంచాను. ఇక ఆ ఇంటి గడప తొక్కితే నా పేరు మార్చుకుంటానని మా ఆయన ముందు ఒట్టు పెట్టాను. ఆ ఒట్టు మీద మూడు వారాలు నిలబడ్డాను.

శివరాత్రికి ఇంకా నాలుగు రోజులున్నాయనగా, ఒక పొద్దున్న పది గంటల వేళ. మా ఆయన పొలానికి పోయాడు. పొయ్యి మీద కుక్కరు, పక్క పొయ్యి మీద మా అత్తకి వేణ్ణీళ్ళు. ఆవిరికి కిటికీ గాజంతా మసకేసింది. కొంగుతో తుడిచాను. తుడిచిన చోట సందు అవతల వాళ్ళ కిటికీ కనపడింది, పరదా లేకుండా. ఆ పిల్ల పరదా పట్టుకుని పడిపోయినట్టుంది, కడ్డీతో సహా ఊడొచ్చింది. ఆ కడ్డీ వాడి చేతిలో ఉంది.

వాడు కొడుతున్నాడు. ఇనప కడ్డీతో, రెండు చేతులా ఎత్తి, కట్టె చీల్చే వాడిలా కొడుతున్నాడు. ఆ పిల్ల కిటికీ దాకా పాకి లేచింది. మొహం గాజుకి ఆనించింది. నోరు ఎంత తెరవొచ్చో అంత తెరిచింది. అరచేత్తో గాజు మీద బాదింది, బాదిన ప్రతిసారీ రక్తపు చెయ్యి అచ్చు పడింది. నాకు నాలుగడుగుల దూరంలో. నా కళ్ళలోకే చూస్తూ. నాకు మాత్రం కుక్కరు కూత తప్ప ఏమీ వినపడలేదు.

నా కిటికీ జరిపాను. డబ్ డబ్ మని, గోనెబస్తా మీద కొట్టినట్టు మందంగా వినపడింది. "ఒరే! ఒగ్గీరా దాన్ని! ఒగ్గీ!" అని నా గొంతు చీలిపోయేలా అరిచాను. వాడు తల కూడా తిప్పలేదు. నాది తెరిచినా వాడిది మూసే ఉంది కదా, వాడికెలా వినపడుతుంది?

వాళ్ళ వీధి తలుపు వైపు పరిగెత్తాను. లోపల గెడ వేసుంది. భుజంతో గుద్దాను, కదల్లేదు. వెనక్కి వచ్చి పెరట్లో గునపం తీసుకుని సందులో దూరాను. ఆ ఇరుకులో గునపం ఎత్తడానికి చోటు లేదు. ఈటె పొడిచినట్టు ఏటవాలుగా పొడవాలి. పక్కకి జరగమని ఆ పిల్లకి చెయ్యి ఊపాను. కింద కూలబడింది. మొదటి పోటుకి గునపం జారి, దెబ్బ నా భుజాల దాకా తన్నింది. "పగులే ముండా, పగులు!" అని గాజుని తిట్టాను. రెండో పోటుకి గాజంతా తెల్లబడింది. మూడో పోటుకి జలజలా రాలిపోయింది. అప్పుడు అంతా ఒక్కసారి బయటికొచ్చింది. వాడి బూతులు, మూలన కూతురి ఏడుపు, టీవీలో ఏవో నవ్వులు, ఆ పిల్ల "అప్పా, అప్పా" అని గుక్క తిప్పుకోకుండా అరుస్తున్న అరుపు.

వాడు కిటికీ దగ్గరికొచ్చి గునపం కొస పట్టుకున్నాడు. "నా కొంప మీదకొస్తావేటే?" అని లాగాడు. నేను లాగలేదు, తోశాను. కొస వాడి మెడ కింద ఎముక మీద దిగబడింది. పటుక్కుమంది. వాడు పడ్డాడు. లేవబోతుంటే చట్రంలో నుంచి వంగి మళ్ళీ పొడిచాను, ఈసారి తొడ మీద. కావాలనే పొడిచాను. పోలీసుల ముందు కూడా అదే చెప్పాను. రోడ్డు మీద పోతున్నవాళ్ళు పరిగెత్తుకొచ్చి నన్ను నడుం పట్టుకుని వెనక్కి లాగకపోతే మూడోసారి ఎక్కడ పొడిచేదాన్నో నాకే తెలీదు. నా మోచేతుల నిండా గాజు ముక్కలు గుచ్చుకుని ఉన్నాయని అప్పటిదాకా తెలీలేదు.

తర్వాత కేసులూ, పెద్దమనుషులూ, వాడి తరఫు వాళ్ళొచ్చి మా గుమ్మంలో శాపనార్థాలు పెట్టడం, అన్నీ అయ్యాయి. ఆ పిల్ల కూతుర్ని తీసుకుని ఎచ్చెర్ల వెళ్ళిపోయింది, ఇప్పుడక్కడే కుట్టుపని చేసుకుంటోందని విన్నాను. బతికింది, అది చాలు. వీధిలో వాళ్ళు ఇప్పటికీ నా ధైర్యం గురించి కథలు కథలుగా చెప్పుకుంటారు. నేను కాదనను గానీ, ఆ కథలో ఆటో సంగతి వాళ్ళకి తెలీదు.

ఆటోలో ఆ పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళింది నేనొక్కదాన్నే. కూతుర్ని మా అత్త దగ్గర వదిలాం. ఆ పిల్ల తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. నెత్తి పగిలిన చోట తువ్వాలు అదిమి పట్టుకున్నాను. ఎడం మణికట్టు విరిగి వేలాడుతోంది. జాకెట్టు చేతులు పైకి లాగి చూస్తే నల్లగా, పచ్చగా, పాతవీ కొత్తవీ దెబ్బలు, చర్మం రంగు కనపడలేదు. నాకు దుఃఖం వస్తే అది కోపంగానే వస్తుంది. తిట్టడం మొదలెట్టాను.

"ఒసే, ఎన్నాళ్ళ నుంచే ఇది? నోరు పడిపోనాదా నీకు? ఒక్క కేకేస్తే నాను రానేటే?"

ఆ పిల్ల కళ్ళు తెరిచింది.

"ఏసినానప్పా. కిటికీలు పెట్టిన కాడ్నుంచీ రోజూ ఏసినాను. నీ కిటికీ కేసి తిరిగే అరిసినాను. 'అరువే, ఎంత కావాలంటే అంత అరువు, ఆలకి ఇనపడతాది, అయినా రారు, వదినతో నాను మాటాడీసినాను' అన్నాడు. నీ గిన్నెల సప్పుడు కూడా ఇనపడకపోతే, ఇంట్లో ఉండీ కావాలనే సప్పుడు సెయ్యకుండా ఊరుకున్నావనుకున్నాను. ఇనీ రాట్నేదనుకున్నాను."

"ఇనపడనేదే. మా అత్త మీదొట్టు, ఒక్క కేకా ఇనపడనేదే," అన్నాను.

"మరైతే బయం నేకుండా అరవమన్నాడే, ఆడికెలా తెలుసప్పా? అరిసినా బయటికి ఎల్లదని, అంత గట్టిగా ఎలా తెలుసు?"

అబద్ధం ఆడొచ్చు. మేస్త్రీ చెప్పాడనొచ్చు. ఆ పిల్ల నమ్మేది, అప్పుడేం చెప్పినా నమ్మేది.

"నానే సెప్పినాను," అన్నాను. "మా ఇంట్లో నిలబడి అడిగినాడు. ఎంత అరిసినా ఇనపడదని నానే సెప్పినాను."

  ఆ పిల్ల మంచి చెయ్యి ఆనించి, మెల్లగా, నా ఒళ్ళో నుంచి తల తీసేసుకుంది. తువ్వాలు నా చేతిలో నుంచి లాక్కుని తనే అదిమి పట్టుకుంది. ఆటో కమ్మీకి ఆనుకుని బయటికి చూస్తూ కూర్చుంది. ఆసుపత్రి దగ్గర దిగుతూ కాలు తడబడింది. నేను చెయ్యి చాపాను. డ్రైవరు చెయ్యి పట్టుకుని దిగింది.